ప్యానెల్ ముందు ఆ ఒక్క మీటరు జాగా ఎవరిది?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసి, మూడేళ్ళుగా మా మావయ్య రైస్ మిల్లులో కరెంటు పనులు చూసుకుంటున్నాను. మిల్లు మోటార్లకి కరెంటు పంచే పెట్టె, అదే ప్యానెల్, ఉన్న గది చిన్నది. ప్యానెల్ ముందు నుంచి ఎదుటి గోడ దాకా టేపు పెడితే 75 సెంటీమీటర్లు వచ్చింది. ప్యానెల్‌కీ వెనక గోడకీ మధ్య 45 సెంటీమీటర్లు. ధాన్యం కొనుగోళ్ళ రోజుల్లో గోదాము నిండిపోతే ఆ గదిలో కూడా బస్తాలు వేసేస్తారు. అప్పుడు ప్యానెల్ ముందు పక్కకి తిరిగి నిలబడాల్సిందే. మొన్న ధాన్యం పైకి ఎత్తే ఎలివేటర్ మోటారు స్టార్టర్ ట్రిప్ అయితే తలుపు సగమే తెరుచుకుంది. ఆ సందులోంచే చెయ్యి పెట్టి చూశాను. మావయ్యతో చెబితే, "ఇరవై ఏళ్ళుగా ఇలాగే నడుస్తోంది, ఏమైందిరా?" అన్నారు. ఇంటర్నెట్‌లో వెతికితే ఒకచోట మూడడుగులు, ఇంకోచోట మూడున్నర, మరోచోట నాలుగు అని ఉంది. అసలు రూలు ఎంత? మావయ్యకి ఎలా చెప్పాలి?

సమాధానం: తమ్ముడూ, సగం తెరిచిన తలుపు సందులోంచి చెయ్యి పెట్టానని నువ్వు రాసిన వాక్యం దగ్గర ఆగిపోయాను. దాన్ని మూడుసార్లు చదివాను. అందుకే మిగతా మాటలకంటే ముందు ఇది చెబుతున్నాను. ఆ బస్తాలు బయటికి వెళ్ళేదాకా, కరెంటు ఉండగా ఆ తలుపు మళ్ళీ తియ్యకు. మిల్లు ఆగితే ఆగనీ. మెయిన్ ఆపి, బస్తాలు తీయించి, అప్పుడు చూడు. మావయ్య కేకలేస్తే నా పేరు చెప్పు.

నువ్వడిగిన కొలతకి జవాబు చిన్నదే. ప్యానెల్ ముందు కనీసం ఒక మీటరు ఖాళీ జాగా ఉండాలి. అంటే మూడడుగుల మూడంగుళాలు. ఇది నిన్నో మొన్నో వచ్చిన రూలు కాదు. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 51వ నియమంలోనే ఉంది. ఆ తర్వాత కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చింది, వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. పుస్తకాలు మారాయి గానీ ఆ మీటరు మారలేదు. 250 వోల్టులు దాటిన ప్రతి చోటా ఇది వర్తిస్తుంది. మీది 415 వోల్టుల త్రీఫేజ్ కాబట్టి అందులో అనుమానం లేదు. నియమంలో స్విచ్‌బోర్డు అనే మాట వాడతారు. అది చూసి, "మాది స్విచ్‌బోర్డు కాదు, కంట్రోల్ ప్యానెల్" అని కొందరు తప్పించుకోవాలని చూస్తారు. లోపల బస్‌బార్లు (కరెంటు పంచే లోహపు పట్టీలు), ఎంసీసీబీలు (పెద్ద బ్రేకర్లు), కాంటాక్టర్లు (మోటార్లని ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లు) ఉండి, మనిషి ముందు నిలబడి పని చేసే పెట్టెకి పేరు ఏదైతేనేం? దాని ముందు నిలబడే మనిషి శరీరం ఒకటే కదా.

నీ దగ్గర ఉన్నది 75. ఇంకా 25 సెంటీమీటర్లు తక్కువ. బస్తాలు వేసినప్పుడు ఎంత మిగులుతుందో నువ్వు రాయలేదు. పక్కకి తిరిగి నిలబడాలన్నావు గనక ఓ అడుగు ఉంటుందేమో.

ఇంటర్నెట్‌లో నీకు కనబడిన మూడు, మూడున్నర, నాలుగు అడుగులు అమెరికా వాళ్ళ లెక్క. వాళ్ళకి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ అని ఒకటి ఉంది, అందులో 110.26 అనే చోట ఈ అడుగులు ఉంటాయి. ఇక్కడ చాలామంది తికమక పడతారు. ఎందుకంటే మన భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ళు వేసిన ఎస్‌పీ 30 పుస్తకం పేరు కూడా నేషనల్ ఎలక్ట్రికల్ కోడే. రెండూ వేరు. మనకి చట్టం ప్రకారం లెక్క ఆ మీటరే. అయినా ఆ అమెరికా లెక్క ఎందుకు మూడు రకాలుగా ఉందో తెలుసుకుంటే మీ గది సంగతి నీకు బాగా అర్థమవుతుంది. మన 415 వోల్టుల సిస్టంలో ఒక ఫేజ్‌కీ భూమికీ మధ్య 240 వోల్టులు ఉంటాయి. భూమితో పోలిస్తే 150 వోల్టులు దాటి 600 దాకా ఉన్నప్పుడు వాళ్ళు ఎదురుగా ఏముందో చూస్తారు. ఎదురుగా కరెంటు గానీ, భూమికి కలిసినది గానీ ఏదీ లేకపోతే మూడడుగులు చాలు. ఎదురుగా భూమికి కలిసినది ఉంటే మూడున్నర. ఎదురుగా కూడా ఇంకో ప్యానెల్ ఉండి, రెండు వైపులా కరెంటు ఉన్న భాగాలు బయటపడేట్టయితే నాలుగు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఇటుక గోడని, కాంక్రీటు గోడని, టైల్స్ వేసిన గోడని వాళ్ళు భూమికి కలిసినట్టే లెక్కేస్తారు.

మీ గది గోడ ఇటుకదే అయ్యుంటుంది. వంశధార ఒడ్డున వానాకాలం ఆ గోడ ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. చెయ్యి ఆనిస్తే చెమ్మ అంటుతుంది. నువ్వు ఆ ఇరుకులో నిలబడి కుడి చేత్తో టెస్టర్ పట్టుకుని లోపలికి వంగుతావు. వీపు గోడకి తగులుతుంది. చొక్కా చెమటతో తడిసి ఉంటుంది. ఇప్పుడు నీ చెయ్యి జారి ఒక ఫేజ్ తగిలిందనుకో. కరెంటు చేతిలోంచి గుండె మీదుగా వీపులోకి, వీపులోంచి గోడలోకి దారి చూసుకుంటుంది. కాళ్ళకి రబ్బరు బూట్లున్నా, కింద మ్యాట్ ఉన్నా ఆ దారికి అవి అడ్డు రావు. అదే ప్యానెల్ ముందు మీటరు జాగా ఉంటే నీ వీపు దేనికీ ఆనదు. చాలామంది ఈ జాగా మోచేతులు ఆడటానికి అనుకుంటారు. అది కూడా నిజమే. కానీ అసలు సంగతి, పని చేసే మనిషి వెనక ఏదీ తగలకుండా ఉండటం.

రెండోది ఇంతకంటే ముఖ్యం. ఏసీ కరెంటు సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దాటితే చేతి కండరాలు బిగుసుకుపోతాయి. పట్టుకున్నది మనిషి తనంతట తాను వదల్లేడు. అంటే ఎవరో ఒకరు వచ్చి మెయిన్ ఆపాలి, లేదా ఎండు కర్రతో విడదీయాలి. నువ్వే ఆలోచించు. మీ గదిలో బస్తాలున్న రోజున నువ్వు అలా ప్యానెల్‌కి అతుక్కుపోతే, నీ వెనక ఉన్న కుర్రాడు ఎక్కడ నిలబడతాడు? మెయిన్ స్విచ్ హ్యాండిల్ నీ భుజం అవతల ఉంటుంది. దాన్ని అందుకోవాలంటే వాడు నిన్ను తాకకుండా పోవాలి. బస్తాల మీదికెక్కి చెయ్యి చాపాలా? ఆ మీటరు నీ ఒక్కడిదే కాదు, నిన్ను కాపాడటానికి వచ్చేవాడిది కూడా.

మూడోది మంట. షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు గాలిలోంచి దూకే మెరుపు, అదే ఆర్క్, వేడి వెల్డింగ్ మెరుపులాంటిదని మనవాళ్ళు అనుకుంటారు. పెద్ద ఫాల్ట్ కరెంటు ఉన్న చోట ఆర్క్ నడిమధ్య వేడి పంతొమ్మిది వేల డిగ్రీల సెల్సియస్ దాకా పోగలదని లెక్క. రాగి కరగడం కాదు, ఆవిరైపోతుంది. ఆ ఆవిరి ఒక్కసారిగా ఉబ్బి ముందుకి కొడుతుంది. దూరం పెరిగేకొద్దీ ఒంటికి తగిలే వేడి వేగంగా తగ్గుతుంది. అందుకే ఒక అడుగు వెనక్కి వేయగలగడం కూడా చాలా తేడా తెస్తుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ముప్పై ఏళ్ళ క్రితం నేనొక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా ఉండేవాణ్ణి. పేరు అనవసరం. అక్కడ పెద్ద మోటార్లని నడిపించే స్టార్ డెల్టా స్టార్టర్ల ప్యానెల్ ముందు ఖాళీ గోతాల కట్టలు పేర్చేవారు. ఖాళీవే కదా, బరువులేనివే కదా అని నేనూ ఊరుకున్నాను. ఒక సాయంత్రం మా వైర్‌మన్ కాంటాక్టర్ బోల్టు బిగిస్తుంటే స్పానర్ జారి రెండు ఫేజుల మధ్య పడింది. మెరుపు వచ్చింది. ఎవరైనా చేసేదే అతనూ చేశాడు, వెనక్కి దూకాడు. కాలు గోతాల కట్టకి తట్టుకుంది. వెనక్కి పోవాల్సిన మనిషి బోర్లా ముందుకి, అదే ప్యానెల్ మీదికి పడ్డాడు. కరెంటు తెచ్చే లైను, అదే ఫీడర్, ట్రిప్ అయింది కాబట్టి బతికాడు. రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. కుడి చేతి వేళ్ళు తర్వాత సరిగ్గా ముడుచుకునేవి కావు. ఆ గోతాలు తీయించాల్సింది నేను. రోజూ వాటిని దాటుకునే వెళ్ళాను, తీయించలేదు. ఆయన ఇప్పుడు లేరు. పెళ్ళిళ్ళలో కనబడినప్పుడల్లా ఆ చేత్తోనే నా భుజం తట్టేవాడు. నేను ఆ చేతికేసి చూడలేకపోయేవాణ్ణి.

ఇక నీ ఉత్తరంలో నువ్వు పెద్దగా పట్టించుకోకుండా రాసేసిన విషయం ఒకటుంది. ప్యానెల్ వెనక 45 సెంటీమీటర్లు. ముందు తక్కువైన 25 కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే.

వెనక జాగా గురించి నియమం విచిత్రంగా కనిపిస్తుంది. ప్యానెల్ వెనక బయటికి వచ్చిన భాగాలు గానీ, కప్పు లేని కనెక్షన్లు గానీ ఉంటే, వెనక జాగా 20 సెంటీమీటర్ల కంటే తక్కువైనా ఉండాలి, 75 కంటే ఎక్కువైనా ఉండాలి. మధ్యలో ఉండకూడదు. బాగా బయటికి పొడుచుకొచ్చిన భాగం నుంచి కొలవాలి. ఐటీఐలో చదివేటప్పుడు ఇది బట్టీ పట్టి ఉంటావు. ఎందుకో ఎవరూ చెప్పి ఉండరు. 20 కంటే తక్కువ ఉంటే అందులోకి మనిషి దూరలేడు, దూరాలనే ఆలోచన కూడా రాదు. 75 దాటితే మనిషి నిలబడి, తిరిగి, పని చేసి, బయటికి రాగలడు. 45 ఉంటే? ఒళ్ళు ఒదిగించుకుని దూరొచ్చు. దూరాక తిరగలేడు. ఏదైనా అయితే వెనక్కి రాలేడు. ఊక తుడవడానికి చీపురు పట్టుకుని ఏ కుర్రాడో దూరతాడు, లేదా ఎలక చచ్చిన వాసన వస్తోందని నువ్వే దూరతావు. అంతకంటే పాడు సంగతి, కళాసీలు టిఫిన్ డబ్బాలు, చెప్పులు, తాళ్ళు అక్కడ దాచుకుంటారు. వెచ్చగా ఉంటుందని వానాకాలంలో తడి బట్టలు ఆరేసిన చోట్లు కూడా నేను చూశాను.

వెనక 75 దాటి ఉంచితే ఇంకో షరతు కూడా ఉంది. ప్యానెల్ రెండు చివర్ల నుంచీ దారి ఉండాలి, 1.8 మీటర్ల ఎత్తు దాకా అడ్డు లేకుండా ఉండాలి. ఒక చివర మంట వస్తే రెండో చివర నుంచి బయటపడాలి గనక. మీ గదిలో అంత జాగా లేదు కాబట్టి దాని మాట వదిలేద్దాం.

ఇప్పుడు నీ కొలతలన్నీ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి చూడు. వెనక 45, ముందు 75. ప్యానెల్‌ని 30 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే వెనక 15 మిగులుతుంది, అది 20 కంటే తక్కువ. ముందు 105 వస్తుంది, అది మీటరు కంటే ఎక్కువ. గోడ పగలగొట్టక్కర్లేదు, కొత్త గది కట్టక్కర్లేదు. రెండు తప్పులూ ఒకే జరుపుతో సరిపోతాయి. ఈ లెక్క వేసినప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది. ఇంత తేలిగ్గా తేలే గదులు చాలా తక్కువ.

అయితే జరిపే ముందు చూసుకోవాల్సినవి ఉన్నాయి. ప్యానెల్‌లో పనంతా ముందు తలుపుల నుంచే చేసుకునే రకమా, లేక కేబుళ్ళు బిగించడానికి వెనక రేకు విప్పాల్సిన రకమా? వెనక నుంచి పని చేయాల్సిన ప్యానెల్‌ని గోడకి దగ్గరగా నెట్టేస్తే తర్వాత ప్రతి చిన్న పనికీ దాన్ని లాగాల్సి వస్తుంది. ఆ ఇబ్బంది మొదటి ప్రమాదం కంటే తక్కువేం కాదు. నువ్వు ఇన్నేళ్ళలో వెనక రేకు ఎప్పుడైనా విప్పావా? విప్పకుండానే అన్ని పనులూ జరిగి ఉంటే అది ముందు నుంచి పని చేసే రకమే అయ్యుండాలి. కేబుళ్ళు కింద ట్రెంచ్‌లోంచి వస్తున్నాయా, పై నుంచి ట్రేలో వస్తున్నాయా చూడు. లూప్‌లో కాస్త మిగులు వదిలి ఉంటే 30 సెంటీమీటర్లకి సరిపోతుంది. లేకపోతే కేబుల్ చివర్లకి బిగించే కొత్త లగ్గులు, గ్లాండ్లు, ఒకటి రెండు కేబుళ్ళు మార్చాల్సి రావచ్చు. జాయింటు వేసి సరిపెట్టుకుందామని మాత్రం అనుకోకు. గాలి పోయే జాలీలు వెనక వైపున్నాయా అన్నదీ చూడాలి. ఉంటే పూర్తిగా మూసుకుపోకుండా ఆ 15 సెంటీమీటర్లు ఉంచాలి. 15 ఉంచి, అందులోకి ఎవరూ ఏదీ దోపకుండా రెండు చివర్లా వైరు జాలీ బిగిస్తే మేలు. ఎర్తింగ్ పట్టీలు రెండూ విప్పి మళ్ళీ బిగించి, విలువ కొలిపించాలి. రెండు ఎర్తులు వేరువేరుగా ఉండాలన్న సంగతి నీకు తెలుసు.

ఈ పని నువ్వొక్కడివే ఇద్దరు కుర్రాళ్ళని పెట్టుకుని చేసేది కాదు. మెయిన్ ఎంసీసీబీ ఆపితే ప్యానెల్ అంతా చచ్చిపోయిందనుకోవడం మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు. ఆ ఎంసీసీబీ పైన లైన్ వైపు టెర్మినళ్ళలో, ఇన్‌కమింగ్ కేబుల్‌లో కరెంటు అలాగే ఉంటుంది. దాన్ని ఆపాలంటే దాని ముందున్న స్విచ్ దగ్గర, అవసరమైతే ట్రాన్స్‌ఫార్మర్ తక్కువ వోల్టేజీ (ఎల్‌టీ) వైపు ఆపించాలి. అక్కడ మీకు కరెంటు సరఫరా చేసే కంపెనీ టీపీఎస్‌ఓడీఎల్ సెక్షన్ ఆఫీసుతో మాట్లాడాల్సి రావచ్చు. బరంపురం నుంచి మల్కన్‌గిరి దాకా దక్షిణ ఒడిశా అంతా 2021 జనవరి నుంచి వాళ్ళదే కదా. కెపాసిటర్ ప్యానెల్ ఉంటే, ఆపాక కూడా అందులో కరెంటు నిలవ ఉంటుంది గనక కొన్ని నిమిషాలు ఆగి, వోల్టేజీ కొలిచే మీటరు పెట్టి చూసి, అప్పుడే ముట్టుకోవాలి. ఒడిశా లైసెన్సింగ్ బోర్డు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరుతో, సూపర్‌వైజర్ సర్టిఫికెట్ ఉన్న మనిషి ఎదుట చేయించండి. పని అయ్యాక కాగితం తీసుకో.

ఎప్పుడు చేయాలో నీకే బాగా తెలుసు. ఖరీఫ్ ధాన్యం ఆడటం అయిపోయి, రబీ ధాన్యం రాకముందు మిల్లు కొన్నాళ్ళు చల్లబడుతుంది. అప్పుడు గోదాములు కూడా కాస్త ఖాళీ అవుతాయి. మావయ్య దగ్గర ఆ మాట ముందే తీసుకో.

జరిపాక చేయాల్సిన చిన్న చిన్నవి చెప్తాను. తలుపులన్నీ 90 డిగ్రీలు తెరుచుకోవాలి, పూర్తిగా తెరిచిన తలుపు గది గుమ్మానికి అడ్డం పడకూడదు. గది గుమ్మం తలుపు బయటికి తెరుచుకునేలా మార్చితే ఇంకా మంచిది, పారిపోయేవాడు తలుపుని తన వైపు లాక్కోలేడు. ప్యానెల్ పొడుగంతా కింద ఐఎస్ 15652 ముద్ర ఉన్న ఇన్సులేటింగ్ మ్యాట్ వేయించు. మీ వోల్టేజీకి 2 మిల్లీమీటర్ల మందం రకం సరిపోతుంది. బజారులో నల్ల రబ్బరు షీటు అగ్గువగా వస్తుంది, అది చూడటానికి అలాగే ఉంటుంది గానీ ఇది కాదు. గోనె సంచి పరిచి దాని మీద నిలబడటం అసలు వద్దు, తడిస్తే అదే కరెంటుకి దారి. ప్యానెల్ పైన ఉప్పుడు బియ్యం ఆవిరి పైపు గానీ, నీళ్ళ పైపు గానీ పోతుంటే అది కూడా పక్కకి మళ్ళించాలి.

తవుడు, ఊక దుమ్ము గురించి ఎక్కువ చెప్పను, రోజూ పీలుస్తున్నావు. తలుపు గాస్కెట్లు చూడు, కేబుల్ కన్నాలు మూయించు. కంప్రెసర్ గాలి పెట్టి ప్యానెల్ లోపల ఊదకు. ఆ దుమ్ము కాంటాక్టర్ల సందుల్లోకే పోతుంది. కరెంటు ఆపి, వాక్యూమ్‌తో లాగించు.

డేంజర్ బోర్డు విషయంలో మన సరిహద్దు ఊళ్ళకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. పుర్రె, ఎముకల గుర్తుతో పాటు హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ, జిల్లా భాషలో కూడా రాయాలని నియమం. మీ జిల్లా భాష ఒడియా కాబట్టి హిందీకో ఇంగ్లీషుకో తోడు ఒడియా ఉంటే చట్టానికి సరిపోతుంది. కానీ మీ మిల్లులో పార్వతీపురం వైపు నుంచి వచ్చిన కుర్రాళ్ళు తెలుగు చదువుతారు. కొండల మీది నుంచి వచ్చిన సవర, కుయి మాట్లాడే కళాసీలు ఏదీ చదవకపోవచ్చు. చదవని వాళ్ళకి నేల మీద పసుపు రంగు గీత కావాలి. ప్యానెల్ ముందు సరిగ్గా మీటరు కొలిచి, గోడ నుంచి గోడకి నాలుగంగుళాల వెడల్పు గీత గీయించు. ఆ పెట్టెలో పసుపు అడ్డగీతలు కూడా నింపు. వాళ్ళ భాషలోనే మేస్త్రీ చేత ఒక్కసారి చెప్పించు: గీత లోపల బస్తా కాదు, చెప్పు కూడా పెట్టకూడదని. గీతని కూడా నమ్మకపోతే, విప్పి తీయగలిగే పైపు రెయిలింగ్ ఒకటి గీత మీద నిలబెట్టు. సీజన్ రద్దీలో గీత మీద బస్తా పడుతుంది, రెయిలింగ్ మీద పడదు. కరెంటు షాక్ కొడితే ఏం చేయాలో చెప్పే చార్టు కూడా ఫ్యాక్టరీల్లో గోడ మీద ఉండాలి. అది తెలుగు, ఒడియా రెండింట్లోనూ పెట్టించు.

ఇప్పుడు మావయ్య సంగతి. "ఇరవై ఏళ్ళుగా ఏమైందిరా" అనే మాటకి ఎదురు చెప్పకు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, ఇరవై ఏళ్ళూ ఏమీ కాలేదు. ఆ ఇరవై ఏళ్ళలో ప్యానెల్‌లో ఎన్ని మోటార్లు పెరిగాయి, పాలిషర్ ఎప్పుడు వచ్చింది, డ్రయర్ ఎప్పుడు వచ్చింది అన్నది అడుగు. ఆ మోటార్లన్నిటికీ ఫీడర్లు ఆ ఒక్క పెట్టెలోకే ఎక్కాయి. అందుకే నువ్వు తలుపు తీయాల్సిన సార్లూ పెరిగాయి. అప్పట్లో నెలకోసారి తీసే తలుపు ఇప్పుడు వారానికోసారి తీయాల్సి వస్తోంది. ఆ తేడా ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు.

తర్వాత లెక్కలోకి రా, మిల్లు ఓనరుకి లెక్కే అర్థమవుతుంది. ఆ ఇరుకులో మహా వేస్తే ముప్పై, నలభై బస్తాలు పడతాయి. వాటికి బయట అరుగు మీద టార్పాలిన్ కింద చోటుంటుంది. దానికి ఎదురుగా ప్యానెల్ కాలిపోతే సీజన్ మధ్యలో మిల్లు ఎన్నాళ్ళు ఆగుతుందో ఆయన్నే లెక్క కట్టమను. కస్టమ్ మిల్లింగ్ బియ్యం, అంటే ప్రభుత్వానికి ఆడించి ఇవ్వాల్సిన బియ్యం, గడువులోగా అప్పజెప్పాలనే టెన్షన్ ఆయనకి నీకంటే ఎక్కువే. మనిషి ప్రాణం పోయినట్టయితే 24 గంటల్లోపు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాలి. ఎలక్ట్రిసిటీ యాక్ట్ 2003 సెక్షన్ 161 కింద విచారణ జరుగుతుంది. విచారణకి వచ్చినవాడు ప్యానెల్ ముందు జాగా కొలవకుండా పోడు. ఈ మాట బెదిరింపుగా కాకుండా, నీ మనసులో భయంగానే చెప్పు. ఎందుకంటే అది నిజంగా నీ భయమే.

ఇంకొక దారి నాకు చాలాసార్లు పనిచేసింది. ఆయన్ని ఒకసారి ప్యానెల్ ముందు నిలబెట్టు. మెయిన్ పూర్తిగా ఆపించి, బస్తాలు ఉన్నప్పుడే, "మావయ్యా, ఈ స్టార్టర్ ఓవర్‌లోడ్ రిలే సెట్టింగ్ ఎంతుందో ఒక్కసారి చూసి చెప్పండి" అను. వంగి చూడాలి, కళ్ళజోడు సరిచేసుకోవాలి, మోచెయ్యి బస్తాకి తగులుతుంది, తలుపు మీదకొస్తుంది. నువ్వేం మాట్లాడక్కర్లేదు. తన ఒంటికి ఆ ఇరుకు తగిలితే ఆయనకే తెలుస్తుంది. మీ అత్తయ్య కూడా అక్కడుంటే ఇంకా మంచిది. మేనల్లుడు రోజూ అలా నిలబడుతున్నాడని ఆవిడ కళ్ళారా చూస్తే, మిగతా వాదన ఇంట్లో ఆవిడే చేస్తుంది.

మావయ్య ఒప్పుకోవడానికి కొన్నాళ్ళు పట్టొచ్చు. అంతవరకు రెండు పనులు నీ చేతిలోనే ఉన్నాయి. కరెంటు ఉండగా తలుపు తీయాల్సిన పని ఏదైనా ఒంటరిగా చేయకు. ఒకణ్ణి గుమ్మం దగ్గర నిలబెట్టు, మెయిన్ ఎక్కడుందో వాడికి చూపించు, రోజుకొకసారి వాడి చేత ఆపించి అలవాటు చేయించు. మోటారు పని చేసేటప్పుడు ఫీడర్ ఆపి, హ్యాండిల్‌కి తాళం వేసి, తాళం చెవి నీ జేబులోనే పెట్టుకో. "మనిషి పనిలో ఉన్నాడు, స్విచ్ వేయకండి" అని అట్ట కట్టు. చదవలేని వాళ్ళున్నారు గనక ఆ అట్ట ఎర్రది కావాలి, ఆ ఎర్ర అట్ట ఏంటో అందరికీ చెప్పి ఉండాలి.

ఈ ఆదివారం మిల్లు ఆగినప్పుడు ట్రెంచ్ పలకలు ఎత్తి కేబుల్ లూపు ఎంత మిగులుందో కొలువు. వెనక జాలీలు, రేకు బోల్టులు బయటి నుంచే చూసి ఫొటోలు తీయి. రేకు విప్పకు. ప్యానెల్ కింద బేస్ ఫ్రేమ్ నేలకి బోల్టులతో ఉందా, కాంక్రీటులో పాతారా అదీ చూడు. ఈ మూడూ రాసి పంపితే, జరపడానికి ఎన్ని రోజులు పడుతుందో, కాంట్రాక్టర్ని ఏమేం అడగాలో వరసగా రాసి ఇస్తాను. దాన్నే మావయ్య చేతిలో పెట్టు.